అద్దంతో లడాయి

మెదక్ చర్చి ఆవరణలో ఆదివారం మధ్యాహ్నం కాసేపు నిలబడితే ఒక తంతు కనిపిస్తుంది. ఫొటో అనగానే కడుపులు లోపలికి పోతాయి, గడ్డాలు పైకి లేస్తాయి. లావుగా ఉన్నాననుకునే పిల్ల ఎవరూ చెప్పకముందే వెనక వరుసలోకి వెళ్లి ఇంకొకరి భుజం చాటున సర్దుకుంటుంది. నల్లగా వస్తానని భయపడే పిల్ల వెలుగు వైపు జరుగుతుంది. క్లిక్‌మన్నాక అందరూ ఫోన్ మీద పడతారు. వెనక 175 అడుగుల గోపురం వచ్చిందా లేదా అన్నది ఎవరికీ పట్టదు. ఎవరి ముఖం వాళ్లు వెతుక్కుంటారు. ‘డిలీట్ చెయ్యే, నేను మంచిగ రాలే’ అనే మాట ఒక్కటైనా వినపడకుండా ఉండదు.

ఈ చర్చి పుట్టిందే ఆకలిలోంచి. 1914లో చార్లెస్ వాకర్ పాస్నెట్ పని మొదలుపెట్టించిన రోజుల్లో ఇక్కడ కరువు. పనికి వచ్చినవాళ్లకు తిండి పెట్టారు. పదేళ్లు కట్టి 1924 డిసెంబర్ 25న ప్రారంభించారు. అప్పట్లో బక్కగా ఉంటే ఆ ఇంట్లో గింజలు లేవని అర్థం. ఒళ్లు చేసినవాళ్లను చూసి ‘తిన్న ఒళ్లు’ అని మెచ్చుకునేవారు. వందేళ్లు తిరిగేసరికి లెక్క తారుమారైంది. కడుపునిండా తినగలిగే పిల్లలు అదే గోడల ముందు కడుపు కనపడకుండా ఊపిరి బిగబడుతున్నారు. అంతదాకా ఎందుకు, 1957లో ‘మాయాబజార్’ చూసిన జనం సావిత్రి ఎన్ని కిలోలుందని అడిగారా?

కొలత మారడానికి వందేళ్లు కూడా అక్కర్లేదు. పసిఫిక్ దీవుల దేశం ఫిజీలో బొద్దుగా ఉండటమే అందం అనుకునేవారు. అక్కడి ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అప్పుడొకసారి, 1998లో మరోసారి బడి ఆడపిల్లలను అడిగి చూశారు. బరువు తగ్గడానికి తిన్నది కక్కుకునేవాళ్లు మొదటిసారి ఒక్కరూ లేరు. మూడేళ్లకు వందలో పదకొండు మంది తేలారు. అది ఒక్క టీవీ చేసిన పని. ఇప్పుడు ప్రతి జేబులో ఒక తెర, ఆ తెరలో చర్మాన్ని గీకి నున్నగా చేసి, దవడను చెక్కిపెట్టే ఫిల్టర్. అద్దంలో కనిపించే ముఖానికి సొంత ఫోన్‌లోని ముఖమే పోటీకి వస్తోంది.

తప్పంతా ఫోన్ మీదకు నెట్టేస్తే మనకు హాయి. కానీ ఫోన్ చేతికి రాకముందే ఇల్లు ఆ పని మొదలుపెట్టింది. హైదరాబాద్ హాస్టల్ నుంచి దసరాకు వచ్చిన పిల్ల గడప తొక్కీ తొక్కకముందే ‘గింత దొడ్డుగైనవేందే?’ అంటారు. తగ్గి వస్తే ‘తింటలేవా బిడ్డా, గింత బక్కగైనవ్’ అంటారు. పెండ్లి చూపులయ్యాక ‘పిల్ల జర కలర్ తక్కువ’ అని కబురొస్తుంది. ఆ తక్కువను కట్నంలో ఎక్కువగా సరిచేసుకోవడం ఇరువైపులా తెలిసిన బేరమే. అనేవాళ్లు పగవాళ్లు కాదు. మేనత్త, పెద్దమ్మ, కన్నతల్లి. పగవాళ్లయితే దులిపేసుకోవచ్చు. ప్రేమతో అన్న మాట ముల్లై లోపలే ఉండిపోతుంది.

మగపిల్లలకు ఈ బాధ లేదనుకోవద్దు. మన తెలంగాణలో కానిస్టేబుల్ కొలువుకు మగవాళ్లు సాధారణంగా 167.6 సెంటీమీటర్లు ఉండాలి. పొద్దున్నే గ్రౌండ్‌లో పరుగు తీసే పిల్లవాడు పరుగును పెంచుకోగలడు, ఎత్తును పెంచుకోలేడు. అర సెంటీమీటరు తగ్గి ఇంటికొస్తే పోయేది కొలువు ఒక్కటే కావాలి. ‘పొట్టోడు’ అన్న పేరు మాత్రం అంటుకుంటుంది. పాతికేళ్లకే జుట్టు పలచబడ్డవాళ్ల టోపీల వెనక ఉన్నదీ ఇదే కథ.

ఈ బాధ మీద బతికే వ్యాపారం చిన్నది కాదు. ఫెయిర్ అండ్ లవ్లీ 1975లో బజారుకొచ్చింది. 2020లో పేరులోంచి ‘ఫెయిర్’ తీసేసి ‘గ్లో’ చేర్చారు. పేరు మారింది, కొనేవాళ్ల ఆశ మారలేదు. అంతకన్నా ప్రమాదమైనది మందుల షాపులో చీటీ లేకుండా దొరికే ట్యూబు. బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు ఎగ్జిమాలాంటి చర్మవ్యాధులకు డాక్టర్ రాసే మందులు. ఇంటిపక్కావిడ చెప్పిందని ముఖానికి రాస్తే వారం పది రోజుల్లో రంగు తేలినట్టే ఉంటుంది. కొన్ని నెలలకు చర్మం పలచబడి ఎర్రటి సన్న రక్తనాళాలు పైకి తేలతాయి. మొటిమలు లేస్తాయి, గడ్డం మీద వెంట్రుకలొస్తాయి. ఎండలోకి పోతే మంట. ఆపుదామంటే ముఖం ఉబ్బి ఎర్రబడుతుంది, ఆ భయంతో మళ్లీ రాస్తారు. 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని ఉత్తర్వు తెచ్చింది. షాపులో అడిగి చూడండి, ఆ ఉత్తర్వు ఎంత నడుస్తోందో తెలుస్తుంది. 2023లో కేరళలోని మలప్పురంలో పాదరసం కలిసిన తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లకు కిడ్నీలు దెబ్బతిన్న సంగతి బయటపడింది.

ఒంటి మీద అయిష్టం పుట్టినప్పుడు మనిషి ఏం చేస్తాడన్న దానిపై థామస్ క్యాష్ అనే అమెరికన్ మానసిక శాస్త్రవేత్త చాలా ఏళ్లు పనిచేశారు. తోటివారితో కలిసి 2005లో ఆయన మూడు దారులు తేల్చారు. ఒకటి, సరిచేసుకోవాలని వెంటపడటం. రెండు, తప్పించుకు తిరగడం. మూడు, ఒప్పుకోవడం. మొదటి రెండు దారుల్లో ఉన్నవాళ్లకు బాధ ఎక్కువగా, మూడో దారి పట్టినవాళ్లకు తక్కువగా కనిపించింది.

మొదటి దారి ఎంతదూరం తీసుకెళ్తుందో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ‘నువ్వు నాకు నచ్చావ్’ కథానాయిక ఆర్తీ అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో కన్నుమూసింది. వయసు 31. కొన్ని వారాల ముందే కొవ్వు తీయించుకునే ఆపరేషన్ చేయించుకుందని, ఆ తర్వాత ఊపిరి ఆడక ఇబ్బంది పడిందని అప్పట్లో పత్రికలు రాశాయి. తెర మీద ఆమెను ఇష్టపడ్డ మనమే ఆమె ఒళ్లు చేసినప్పుడు వెక్కిరించాం. రెండో దారికి చప్పుడుండదు. బతుకమ్మ ఆటకు రాని పిల్ల, పెండ్లిళ్లకు కడుపునొప్పి సాకు చెప్పే కోడలు, కెమెరా ఆన్ చేయని ఇంటర్వ్యూ అభ్యర్థి ఆ దారిలో ఉంటారు.

మూడోదాన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒప్పుకోవడమంటే అద్దం ముందు నిలబడి ‘నేను చాలా అందంగా ఉన్నాను’ అని రోజూ జపం చేయడం కాదు. నమ్మకం కుదరని జపం ఇంకా చేదు. ఒళ్లు నచ్చకపోవచ్చు. నచ్చకపోయినా బతుకు ఆగదు, అంతే. బీరువా తెరిస్తే సన్నబడ్డాక వేసుకుంటానని దాచిన జాకెట్లు మూడు నాలుగైనా ఉంటాయి. తెరిచినప్పుడల్లా అవి తిడతాయి. వాటిని తీసి లోపలి కుట్లు చూడండి. పనితెలిసిన టైలర్ కాస్త గుడ్డ లోపలికి మడిచి, రెండు మూడు వరసలు కుట్టి ఇస్తాడు. ఒళ్లు ఎప్పుడూ ఒక్క తీరున ఉండదని అతనికి తెలుసు. ఒక వరస విప్పించుకుని ఈ పండక్కే వేసుకోవడం ఒప్పుకోవడం. ‘నా కడుపు అసహ్యంగా ఉంది’ అన్న ఆలోచన వచ్చినప్పుడు దాంతో వాదన పెట్టుకోకుండా, ‘ఆ, మళ్లీ వచ్చిందిది’ అనుకుని అది ఉండగానే బస్సెక్కడం ఒప్పుకోవడం.

ఒప్పుకోవడం ఇంటివాళ్లూ చేయగలరు. వరంగల్ జిల్లా కల్లెడలో పుట్టిన పారా అథ్లెట్ జీవాంజి దీప్తి పేరు ఇప్పుడు దేశమంతా తెలుసు. గ్రహణం రోజు పుట్టిందని, తల చిన్నగా, పెదవి, ముక్కు వేరుగా ఉన్నాయని ఊళ్లో ఆమెను పిచ్చి అన్నారు, కోతి అన్నారు. అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లు వదల్లేదు. 2024 మేలో కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరిగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు కొట్టింది. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్‌లో కంచు పతకం తెచ్చింది. అంతకుముందే ఆసియా పారా క్రీడల తర్వాత, అమ్ముకున్న భూమిని ఆ కుటుంబం మళ్లీ కొనుక్కుంది. ఈ కథను అందరూ పతకం దగ్గర మొదలుపెడతారు, నాకది నచ్చదు. పతకం వచ్చాక ఎవరైనా ఒప్పుకుంటారు. వెక్కిరించిన ఊరే దండలు వేస్తుంది. పతకం సంగతే తెలియని రోజుల్లో, ఆ ముఖంతోనే, ఆ బిడ్డ మా బిడ్డే అని ఇంటికి తెచ్చుకున్నారు చూడండి, అసలు కథ అది. పరుగు రాకపోయినా ఆ పిల్లకు ఆ ఇల్లు ఉండేది.

మరి ఒప్పుకుని కూర్చుంటే షుగర్, బీపీల మాటేమిటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నడవండి, పరీక్షలు చేయించుకోండి. ఉన్నట్టుండి ఒళ్లు వచ్చినా, తగ్గినా థైరాయిడ్ చూపించుకోండి. నెలసరి తప్పుతుంటే పీసీఓఎస్ ఉందేమో చూపించుకోండి. ఒంటి మీద కోపంతో మొదలైన డైటింగ్ పండగ దాకా నిలవదు. ఆ ఒంటిని చూసుకోవాలనిపించినవాళ్లే ఏడాది తర్వాత కూడా చెరువు కట్ట మీద నడుస్తూ కనిపిస్తారు.

కొందరికి ఈ బాధ ఇక్కడితో ఆగదు. ఎదుటివాళ్లకు కనిపించని లోపం కోసం రోజుకు గంటల తరబడి అద్దం చూడటం, ముఖం గిల్లుకోవడం, బయటికి రావడం మానేయడం జబ్బు లక్షణాలు. ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి 1891లోనే దీన్ని జబ్బుగా గుర్తించాడు. దీనికి మందులున్నాయి, మాటలతో చేసే వైద్యం ఉంది. ఇలాంటివాళ్లకు ముక్కు ఆపరేషన్, క్రీములు పనిచేయవు. ఒకచోట సరిచేస్తే బాధ ఇంకోచోటికి మారుతుంది. తిండి మానేసినా, తిన్నది కక్కుకుంటున్నా, చచ్చిపోవాలనిపిస్తోందన్నా ‘పెండ్లయితే అదే పోతది’ అనకండి. మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. ముందు ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416. రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.