ఠాణా కంటే ముందు ఆసుపత్రి

మానసిక సంక్షోభానికి లోనైన మనిషి వీధిలోకి వచ్చినప్పుడు అతని దగ్గరకు అందరికంటే ముందు చేరేది, భారతదేశంలో దాదాపు ప్రతి పట్టణంలోనూ, పోలీసు కానిస్టేబులే. ఇరుగుపొరుగువారు 112కు ఫోన్ చేస్తారు, పోలీసు వాహనం వస్తుంది, అందులోంచి దిగేవారికి ప్రధానంగా నేర్పినది నేరాన్ని ఆపడం, నిందితుణ్ణి పట్టుకోవడం. ఎదుట ఉన్నది రోగి అయినప్పుడు ఆ శిక్షణే అతనికీ, పోలీసులకూ, చుట్టూ ఉన్నవారికీ కీడు తెచ్చిపెట్టవచ్చు. ఆ మొదటి గంటలో ఏమి జరగాలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగానే చెప్పింది, ఆ చట్టం చెప్పినదానికి వైద్యశాస్త్రంలో గట్టి ఆధారాలూ ఉన్నాయి. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు పట్టణం వంటి చోట ఈ రెండింటినీ కలిపి చూస్తే, పోలీసుల బాధ్యత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో తేటతెల్లమవుతుంది.

ఉక్కు పట్టణపు ప్రత్యేకత

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మాణం మొదలై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన నాటి నుంచీ భిలాయి వలస వచ్చినవారి ఊరు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ గణనీయంగా ఉన్నాయి; సెక్టార్ 5లోని బాలాజీ ఆలయం వారి ఉనికికి గుర్తు. ఇటువంటి పట్టణంలో సొంతవారికి దూరంగా బతికే కూలీలు, షిఫ్టుల పనితో నిద్ర చెడినవారు, పదవీ విరమణ తరువాత ఒంటరిగా మిగిలిన వృద్ధులు ఉంటారు. నిద్రలేమి, ఒంటరితనం, మద్యం మానసిక రుగ్మతలను తీవ్రం చేసే కారణాలుగా వైద్యులు గుర్తించినవే కాబట్టి, భిలాయి నగర్, సుపేలా, ఖుర్సీపార్, ఛావనీ ఠాణాల సిబ్బందికి ఈ ప్రశ్న పుస్తకాలకు పరిమితమైనది కాదు.

సంక్షోభంలో మెదడు

వాస్తవంతో సంబంధం తెగిపోయే స్థితిని వైద్యులు సైకోసిస్ అంటారు. ఇందులో రెండు లక్షణాలు ముఖ్యమైనవి: ఎదుట ఎవరూ లేకపోయినా మాటలు వినిపించడం వంటివి భ్రాంతులు, ఎంత రుజువు చూపినా చెదరని తప్పుడు నమ్మకాలు, అంటే ఎవరో వెంటాడుతున్నారనీ విషం పెడుతున్నారనీ గట్టిగా అనుకోవడం వంటివి విభ్రమలు. భ్రాంతిలో మాటలు వినిపించే వేళ మెదడులో వినికిడికీ భాషకూ సంబంధించిన భాగాలు చురుగ్గా ఉంటాయని స్కానింగ్ పరిశోధనల్లో తేలింది. అంటే రోగి నటించడం లేదు, అతని మేరకు అవి నిజంగా వినిపించే మాటలే. డోపమైన్ అనే మెదడు రసాయనం అదుపు తప్పినందువల్ల పట్టించుకోనక్కరలేని చూపులకూ చప్పుళ్లకూ కూడా లేనిపోని ప్రాధాన్యం వస్తుందని పరిశోధకుల అభిప్రాయం.

ఆ స్థితిలో ఉన్న మనిషి చుట్టూ నలుగురు కానిస్టేబుళ్లు చేరి, ఒకరు కూర్చోమని, మరొకరు చేతులెత్తమని, ఇంకొకరు కర్ర కింద పడేయమని ఒకేసారి అరిస్తే, లోపల వినిపించే గొంతులతో పాటు బయటి గొంతులు కూడా కలిసిపోయి ఏ ఒక్క మాటా అర్థం కాకుండా పోతుంది. సైరన్ మోత, తిరిగే ఎర్రనీలి దీపాలు భయాన్ని మరింత పెంచుతాయి. భయం పెరిగిన కొద్దీ శరీరంలో అడ్రినలిన్ పొంగి, పారిపోవడమో తిరగబడడమో తప్ప మరో దారి తోచదు. ఆజ్ఞను పాటించకపోవడాన్ని పోలీసులు ధిక్కారంగా తీసుకుంటారు, నిజానికి అది అర్థం చేసుకోలేని అశక్తత. హిందీ అంతంతమాత్రంగా వచ్చిన శ్రీకాకుళం కూలీకి ఆ ఆజ్ఞలు హిందీలో వినబడితే ఆ అశక్తత రెట్టింపవుతుంది.

ఒంటి జబ్బు మనోరోగంలా కనిపించినప్పుడు

వీధిలో అసంబద్ధంగా మాట్లాడుతూ తూలుతున్న ప్రతివారికీ మానసిక రుగ్మత ఉండదు. జ్వరంలోనూ విషప్రభావంలోనూ మెదడు ఉన్నట్టుండి గందరగోళానికి లోనయ్యే స్థితిని డెలీరియం అంటారు. పూర్వం తెలుగువారు దీన్నే సంధి అనేవారు. చక్కెర వ్యాధికి మందు వేసుకుని భోజనం మానినవారికి రక్తంలో చక్కెర పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా, ఛత్తీస్‌గఢ్ అటవీ జిల్లాల నుంచి వచ్చినవారికి మలేరియా మెదడుకు పాకినా, మే నెల ఎండకు వడదెబ్బ తగిలినా మనిషి పిచ్చివాడిలాగానో తాగుబోతులాగానో కనిపిస్తాడు.

ఉక్కు పట్టణంలో మరో ప్రమాదం కూడా ఉంది. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వెలువడే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ అధికంగా ఉంటుంది. రంగూ వాసనా లేని ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకోవడం వల్ల మెదడుకు ప్రాణవాయువు అందక తలనొప్పి, తూలుడు, మతి తప్పడం కలుగుతాయి. 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలో ఈ వాయువు లీకై ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్లతో సహా 6 మంది మరణించారు.

మద్యం విషయం ఇంకా మెలికగలది. ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి హఠాత్తుగా మానితే, సుమారు నాలుగు రోజుల్లోపు వణుకు, జ్వరం, లేనివి కనబడడం, మూర్ఛ మొదలవుతాయి. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. తాగి గొడవ చేశాడని లాకప్‌లో వేసిన మనిషి మూడో రోజు ఊచలు పట్టుకుని కేకలు వేస్తుంటే, అది పొగరుగా కనిపించినా నిజానికి ప్రాణాపాయ సూచన. ఇన్ని కారణాల్లో ఏది నిజమో కంటితో చూసి చెప్పడం వైద్యుడికే సాధ్యం కాదు. రక్తపరీక్ష, ఉష్ణోగ్రత, చక్కెర కొలత కావాలి. ఆసుపత్రికి ముందుగా తీసుకువెళ్లాలన్న నియమానికి అన్నింటికంటే బలమైన కారణం ఇదే.

చట్టం ఏమంటోంది

1912 నాటి ఇండియన్ లూనసీ చట్టం మానసిక రోగిని సమాజానికి ప్రమాదకారిగా చూసింది. దాని స్థానంలో వచ్చిన 1987 చట్టం, పోలీసులు రక్షణలోకి తీసుకున్న వ్యక్తిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలన్నది. 2018లో అమల్లోకి వచ్చిన ప్రస్తుత చట్టం 24 గంటల గడువును అలాగే ఉంచి, చేరవలసిన చోటును మార్చింది: 100వ సెక్షన్ ప్రకారం ఆ వ్యక్తిని వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, సమీపంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి చేర్చాలి.

తన ఠాణా పరిధిలో దిక్కులేక తిరుగుతూ తన్ను తాను చూసుకోలేని రోగినీ, రోగం కారణంగా తనకో ఇతరులకో హాని చేసే స్థితిలో ఉన్న వ్యక్తినీ రక్షణలోకి తీసుకోవడం ఠాణా అధికారి విధి. ఎందుకు తీసుకువెళుతున్నారో అతనికి, అతను గ్రహించలేకపోతే అతని ప్రతినిధికి, చెప్పి తీరాలి. ప్రతినిధి అంటే రోగి తన తరఫున నిర్ణయాల్లో సహాయపడేందుకు ముందుగా ఎంచుకున్న వ్యక్తి; తెల్లకాగితం మీద రాసి సంతకమో వేలిముద్రో వేస్తే ఆ నియామకం చెల్లుతుంది. ఇలా రక్షణలోకి తీసుకున్నవారిని ఏ పరిస్థితిలోనూ పోలీసు లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచరాదని చట్టం ఖండితంగా చెప్పింది. చేర్చుకోవలసిన అవసరం లేదని వైద్యుడు తేలిస్తే పోలీసులే ఇంటికి దిగబెట్టాలి, ఇల్లు లేనివారిని ప్రభుత్వ ఆశ్రయానికి చేర్చి, తప్పిపోయిన వ్యక్తిగా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలని 115వ సెక్షన్ చెబుతుంది. అందువల్ల అతనిది శిక్షకు కాక సంరక్షణకు తగిన స్థితి. పోలీసులకు ఈ విషయాలపై తరచు శిక్షణ ఇప్పించడం కూడా ప్రభుత్వాల చట్టబద్ధమైన బాధ్యతే.

విశాఖ నేర్పిన పాఠం

చట్టం అమల్లోకి వచ్చిన రెండేళ్లకు, 2020 మే 16న, విశాఖపట్నంలో సస్పెన్షన్‌లో ఉన్న ఒక ప్రభుత్వ మత్తు వైద్యుణ్ణి చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి తాడుతో కట్టి నడిరోడ్డు మీద పోలీసులు పట్టుకున్న దృశ్యాలు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కలవరం రేపాయి. ఆయనను కింగ్ జార్జ్ ఆసుపత్రికీ, ఆపైన ప్రభుత్వ మానసిక వైద్యశాలకూ తరలించారు. ఒక కానిస్టేబుల్ సస్పెండయ్యాడు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జోక్యం చేసుకుని దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఆ రోజు ఆయన మానసిక స్థితి ఏమిటన్నది వివాదంగానే మిగిలినా, అసలు పాఠం మారదు: ఆయన ఆరోగ్యంగా ఉండి ఉంటే తాడుకు ఆధారం లేదు, అస్వస్థుడై ఉంటే తాడుకు అంతకన్నా ఆధారం లేదు. సంకెళ్లు వేయడం పైకి చూడగానే అమానవీయమని సుప్రీంకోర్టు 1980లో ప్రేమ్ శంకర్ శుక్లా కేసులోనే చెప్పింది.

దగ్గరకు వెళ్లే పద్ధతి

అమెరికాలోని మెంఫిస్‌లో 1987లో కత్తితో తన్ను తాను గాయపరచుకుంటున్న 27 ఏళ్ల యువకుణ్ణి పోలీసులు కాల్చి చంపిన తరువాత, మరుసటి ఏడాది అక్కడ సంక్షోభ సహాయ బృందం ఏర్పడింది. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన పోలీసులకు 40 గంటల శిక్షణ ఇవ్వడం, ఎవరినీ తిప్పిపంపకుండా చేర్చుకునే ఆసుపత్రిని సిద్ధంగా ఉంచడం ఈ పద్ధతికి రెండు కాళ్లు. శిక్షణ వల్ల పోలీసుల అవగాహన, వైఖరి మెరుగుపడతాయని అధ్యయనాలు చూపాయి. గాయాలు ఎంత తగ్గుతాయన్న విషయంలో మాత్రం ఆధారాలు అంత బలంగా లేవు. అంటే శిక్షణ ఒక్కటే చాలదు, రెండో కాలు కూడా ఉండాలి.

శిక్షణలో నేర్పేవి చిన్న పనులే. వాహనం కాస్త దూరంలో ఆపి సైరన్, దీపాలు ఆర్పేస్తారు. గుంపును పంపించివేస్తారు. చేతులు కనబడేలా ఉంచుకుని, ఒకే ఒక్క వ్యక్తి, చేతికందనంత దూరంలో, ఎదురుగా కాకుండా కొద్దిగా పక్కకు నిలబడి, తన పేరు చెప్పి అతని పేరు అడుగుతాడు. ఒకసారి ఒక్క మాటే చెప్పి, జవాబు కోసం ఆగుతాడు. గోడవతల నుంచి ఎవరో తిడుతున్నారని రోగి అంటే, అవి తనకూ వినిపిస్తున్నాయని అబద్ధమాడడు, అదంతా భ్రమేనని వాదించడు. తనకు వినిపించడం లేదని, కానీ అతను ఎంత భయపడుతున్నాడో తెలుస్తోందని చెబుతాడు. వెంటనే ప్రాణాపాయం లేనంతవరకూ కాలం పోలీసుల పక్షానే ఉంటుంది.

పట్టుకోక తప్పని పరిస్థితుల్లో ప్రాణం తీసేది తరచు భంగిమే. పెనుగులాటలో కండరాల నుంచి ఆమ్లం రక్తంలోకి చేరుతుంది, దాన్ని వదిలించుకోవడానికి శరీరం వేగంగా శ్వాసిస్తుంది. అప్పుడు మనిషిని బోర్లా పడేసి వీపు మీద మోకాలు మోపితే, ఛాతీ, పొట్టకు పైనుండే శ్వాసపొర కదలలేక, ఆమ్లం పేరుకుని గుండె ఆగవచ్చు. ఇటువంటి మరణాలకు చాలాకాలం పెట్టిన ‘ఎక్సైటెడ్ డెలీరియం’ అనే పేరును అమెరికా అత్యవసర వైద్యుల సంస్థ 2023లో వదులుకుంది. పట్టు చిక్కిన మరుక్షణమే మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టడం, శ్వాసను గమనిస్తూ ఉండడం ప్రతి కానిస్టేబులుకూ అలవాటు కావాలి.

ఆసుపత్రి తలుపు తెరిచి ఉండాలి

2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో ఛత్తీస్‌గఢ్ సహా 12 రాష్ట్రాలను పరిశీలించగా, రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మంది రోగులకు చికిత్స అందడం లేదని తేలింది. రాష్ట్ర ప్రభుత్వ మానసిక వైద్యశాల బిలాస్‌పూర్ దగ్గర సెందరీలో ఉంది. భిలాయి నుంచి అది నూరు కిలోమీటర్లకు పైబడిన దూరం. అందువల్ల మొదటి పరీక్ష దుర్గ్ జిల్లా ఆసుపత్రిలోనో, సుపేలాలోని లాల్ బహదూర్ శాస్త్రి ఆసుపత్రిలోనో జరగాలి. ఏ రిజిస్టర్డ్ వైద్యుడైనా అత్యవసర చికిత్స 72 గంటల వరకు ఇవ్వవచ్చని చట్టంలోని 94వ సెక్షన్ అనుమతిస్తోంది కాబట్టి, మానసిక వైద్య నిపుణుడు లేడన్న కారణంతో తిప్పిపంపడానికి తావు లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు బెంగళూరులోని నిమ్‌హాన్స్ దూరవిద్య పద్ధతిలో ఇచ్చిన శిక్షణ ఇందుకు అండగా నిలుస్తుంది. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ సేవ 14416 నంబరుపై రాత్రింబగళ్లు, తెలుగుతో సహా పలు భాషల్లో పనిచేస్తోంది. తెలుగు రోగి ఎదురైనప్పుడు కానిస్టేబుల్ ఫోన్ స్పీకరులో అతని భాషే వినిపించగలడు.

భిలాయిలో చేయవలసినవి పెద్ద ఖర్చు లేనివే. ఏ ఠాణా నుంచి ఏ ఆసుపత్రికి, ఎవరికి అప్పగించాలో రాతపూర్వకమైన ఒప్పందం. ప్రతి షిఫ్టులో శిక్షణ పొందిన ఇద్దరు. తెలుగు, ఒడియా, బెంగాలీ మాట్లాడే సంఘాల నుంచి స్వచ్ఛంద సహాయకుల జాబితా. రక్షణలోకి తీసుకున్న క్షణం నుంచి వైద్యుడి చేతికి అప్పగించే వరకు పట్టిన సమయాన్ని రాసే ఒక రిజిస్టరు. పోలీసులు అరెస్టులకూ స్వాధీనాలకూ లెక్క చెప్పుకుంటారు గనుక, ఎంతమందిని గాయం లేకుండా, ఎంత త్వరగా ఆసుపత్రికి చేర్చారన్న లెక్క కూడా ఏటా ప్రజల ముందు పెట్టాలి. ఆ లెక్క బయటపడినప్పుడే చట్టం ఎక్కడ అమలవుతోందో, ఎక్కడ కాగితానికే పరిమితమైందో తెలుస్తుంది. దాన్ని అడిగే హక్కు, అడగవలసిన బాధ్యత పౌరులకు ఉన్నాయి.