రెండు పుటల్లో ఒక పరిశోధన

శాస్త్ర సదస్సు సాధారణంగా నాలుగైదు రోజులు జరుగుతుంది. దేశం నలుమూలల నుంచి వందల మంది పరిశోధకులు వస్తారు. ప్రతి ఒక్కరూ తాము చేసిన పనిని గురించి గంటసేపు మాట్లాడితే నెల రోజులైనా సభ ముగియదు. అందువల్ల ఎవరు మాట్లాడాలి, ఎంతసేపు మాట్లాడాలి, ఏ విషయాన్ని ఏ రోజున చర్చించాలి అన్నది కొన్ని నెలల ముందే తేల్చుకోవలసి ఉంటుంది. ఈ నిర్ణయానికి ఆధారం పరిశోధకుడు పంపే ఒక చిన్న రచన. దానినే పరిశోధన సంగ్రహం అంటారు.

పూర్వం సినిమా హాళ్ల దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవారు. వాటిలో కథ కొంతవరకు చెప్పి, అసలు సంగతి వచ్చేసరికి మిగతా కథ వెండితెర మీద చూడమని ముగించేవారు. పరిశోధన సంగ్రహం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇందులో అసలు సంగతి దాచకూడదు. ఏ ప్రశ్నకు జవాబు వెతికారు, ఏ పద్ధతిలో వెతికారు, ఏమి తేలింది, తేలినదానిని ఎంతవరకు నమ్మవచ్చు అన్న నాలుగు విషయాలూ చదివేవారికి అక్కడే తెలియాలి. 'ఫలితాలను సభలో వివరిస్తాము' అని రాయడం కొత్తవారు చేసే పొరపాట్లలో అన్నిటికంటే పెద్దది. ఫలితం ఇంకా చేతికి రాలేదేమోనన్న అనుమానానికి ఆ వాక్యం తావిస్తుంది. చాలాసార్లు ఆ అనుమానం నిజమే అవుతుంది కూడా!

అణుశాస్త్ర, సాంకేతిక సదస్సులలో చర్చకు వచ్చే విషయాలు అనేకం. పరమాణు కేంద్రకం నిర్మాణం, రియాక్టర్ల రూపకల్పన, ఇంధనం తయారీ, వాడిన ఇంధనాన్ని భద్రపరచడం, రేడియోధార్మిక పదార్థాలను వైద్యంలోను, వ్యవసాయంలోను ఉపయోగించడం మొదలైనవన్నీ వాటిలోకి వస్తాయి. మహారాష్ట్రలోని తారాపూర్, తమిళనాడులోని కల్పాక్కం, కర్ణాటకలోని కైగా విద్యుత్ కేంద్రాల పేర్లు ఈ పాఠం చదివే విద్యార్థులకు కొత్త కావు. అటువంటి కేంద్రం ఒకటి నడవాలంటే వేలకొద్దీ కొలతలు ముందుగా తెలిసి ఉండాలి. ఆ కొలతల్లో ప్రతి ఒక్కటీ ఎవరో ఒకరు ఎక్కడో ఒక ప్రయోగశాలలో తేల్చి, నలుగురి ముందు పెట్టినదే.

సంగ్రహం ఎలా ఉండాలో ఒక చిన్న ఉదాహరణతో చూద్దాం. అణుభౌతికశాస్త్రం చదివే ఒక విద్యార్థిని ఇండియం అనే లోహపు రేకును కొన్ని గంటలపాటు న్యూట్రాన్లకు గురిచేసిందనుకుందాం. రేకులోని కొన్ని పరమాణువులు న్యూట్రాన్లను గ్రహించి రేడియోధార్మికత గలవిగా మారతాయి. ఆమె రేకును బయటికి తీసి గైగర్ కౌంటరు ముందు ఉంచి, అయిదేసి నిమిషాలకు ఎన్ని కణాలు వెలువడుతున్నాయో లెక్కపెట్టింది. లెక్క క్రమంగా తగ్గుతుంది. సగానికి తగ్గడానికి పట్టే కాలమే అర్ధాయువు.

ఆమె మొదట ఇలా రాసింది: 'ఇండియం అర్ధాయువును మా ప్రయోగశాలలో ఎంతో శ్రద్ధతో కొలిచాము. ఫలితం చాలా సంతృప్తికరంగా ఉన్నది.' శ్రద్ధ ఉండవచ్చు, సంతృప్తి కూడా ఉండవచ్చు. కాని చదివినవారికి దక్కింది ఏమీ లేదు. తరువాత దానిని కొట్టివేసి ఇలా రాసింది: 'న్యూట్రాన్లకు గురిచేసిన ఇండియం రేకు నుంచి వెలువడే కణాలను నాలుగు గంటలు లెక్కించాము. రేకు లేనప్పుడు కౌంటరు చూపిన సంఖ్యను ప్రతి లెక్కలోనుంచి తీసివేశాము. మొదటి రెండు నిమిషాల లెక్కలను వదిలివేశాము. అర్ధాయువు 54.6 నిమిషాలని, 0.8 నిమిషం అటూ ఇటూగా, తేలింది.'

ఈ నాలుగు వాక్యాలలో విశేషణం ఒక్కటీ లేదు. అయినా అణుభౌతికశాస్త్రం తెలిసినవారికి వీటిలో చాలా సంగతులు కనిపిస్తాయి. చుట్టూ ఉన్న గోడల నుంచి, ఆకాశం నుంచి వచ్చే కిరణాలు కూడా కౌంటరును కదిలిస్తాయని ఆమెకు తెలుసు. అందుకే ఆ సంఖ్యను తీసివేసింది. ఇండియంలో 14 సెకన్ల అర్ధాయువు గల మరొక రూపం కూడా పుడుతుందని, అది రెండు నిమిషాలలో దాదాపు మాయమవుతుందని కూడా తెలుసు. అందుకే మొదటి లెక్కలను వదిలింది. ఇక చివర ఉన్న 'అటూ ఇటూగా' అన్న భాగం అన్నిటికంటే ముఖ్యమైనది. అసలు విలువ 53.8కి, 55.4కి మధ్య ఉండే అవకాశం ఎక్కువ అని దాని భావం. గ్రంథాలలో ఉన్న విలువ సుమారు 54.3 నిమిషాలు. అది ఈ హద్దుల లోపలే ఉంది. హద్దు చెప్పకుండా 54.6 అని మాత్రమే రాసి ఉంటే ఆమె కొలత తప్పో ఒప్పో చెప్పడానికి వీలుండేది కాదు.

ఇది చాలాకాలంగా తెలిసిన విషయమే కాబట్టి పెద్ద సదస్సులో దీనికి చోటు దొరకదు. చోటు దొరకాలంటే ఫలితంలోనో, పద్ధతిలోనో కొంతైనా కొత్తదనం ఉండాలి. అయితే సంగ్రహం రాయడం నేర్చుకోవడానికి ఇటువంటి పాత ప్రయోగాలే మేలు. సరైన జవాబు ముందే తెలుసు కనుక రాసేవారి తప్పు దాగదు.

మన దేశంలో కేంద్ర ప్రభుత్వ అణుశక్తి శాఖ ఆధ్వర్యంలో కేంద్రక భౌతికశాస్త్ర సదస్సులు దశాబ్దాలుగా జరుగుతున్నాయి. వీటికి పంపే రచన రెండు పుటలకు మించరాదు. పటాలు, పట్టికలు కూడా ఆ రెండు పుటల్లోనే ఇమడాలి. గడువు తేదీ లోపల అందినవాటిని ఆ విషయంలో ఆరితేరినవారు పరిశీలిస్తారు. కొన్నింటిని సభలో చదవడానికి, మరికొన్నింటిని గోడపత్రికగా ప్రదర్శించడానికి ఎంపిక చేస్తారు. ఎంపిక కానివి వెనక్కి వస్తాయి. రెండు మూడేళ్ల శ్రమను రెండు పుటలకు కుదించేటప్పుడు ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది పరిశోధకులకు నిజంగా బాధ కలిగించే ప్రశ్న. రాత్రింబగళ్లు కూర్చుని సరిచేసిన యంత్రం కథ పోతుంది, దానితో వచ్చిన సంఖ్య మిగులుతుంది.

2011లో ఈ సదస్సు విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో, 2015లో పుట్టపర్తిలో జరిగింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతిక పరిశోధనకు పునాది వేసినవారు స్వామి జ్ఞానానంద. పశ్చిమ గోదావరి జిల్లా గొరగనమూడిలో పుట్టిన ఆయన ప్రాగ్ నగరంలో పరిశోధన చేసి, తరువాత ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ చాడ్విక్ వద్ద పనిచేశారు. ఈ చాడ్విక్ రాసిన ఒక చిన్న లేఖను గురించి ముందు ముందు తెలుసుకుందాం.

ఇతర శాస్త్రాలకు లేని చిక్కు ఒకటి అణుశాస్త్రానికి ఉంది. విద్యుత్తును ఇచ్చే జ్ఞానమే బాంబుకు కూడా పనికివస్తుంది. అందువల్ల కొన్ని విషయాలను బయటపెట్టే ముందు తాము పనిచేసే సంస్థ అనుమతి తీసుకోవాలి. రెండవ ప్రపంచయుద్ధ కాలంలోను, ఆ తరువాత కొన్నేళ్లపాటును ఈ కట్టుబాటు మరీ కఠినంగా ఉండేది. అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్ దేశాల శాస్త్రజ్ఞులు ఒకే విషయాన్ని వేరువేరుగా కొలిచి, ఎవరి సంఖ్యలను వారు తాళం వేసి దాచుకున్నారు. తమ కొలత సరైనదేనా అని పక్కవారిని అడిగి తెలుసుకునే దారి లేదు.

ఆ తాళాలు కొంతవరకు తెరుచుకున్నది 1955లో. ఐక్యరాజ్యసమితి ఆ సంవత్సరం ఆగస్టు 8 నుంచి 20 వరకు స్విట్జర్లాండులోని జెనీవా నగరంలో, అణుశక్తిని శాంతియుత ప్రయోజనాలకు ఉపయోగించడం గురించి అంతర్జాతీయ సదస్సు జరిపింది. 73 దేశాల ప్రతినిధులు వచ్చారు. అధ్యక్షత వహించింది మన దేశానికి చెందిన హోమీ భాభా. అప్పటికి ఆయనకు 46 ఏళ్లు కూడా నిండలేదు. అక్కడికి పరిశోధకులు తమంతట తాము రచనలు పంపడానికి వీలులేదు. ప్రతి దేశమూ తన ప్రభుత్వం ద్వారానే పంపాలి. అంటే ఏది చెప్పవచ్చు, ఏది చెప్పకూడదు అన్న వడపోత ప్రతి రాజధానిలోను ముందే జరిగిపోయింది. అయినా 1000కి పైగా పత్రాలు వచ్చాయి. అన్నిటినీ చదివి వినిపించడం సాధ్యం కాదు. సుమారు 450 మాత్రమే సభలో చదివారు. ఇంగ్లీషు, ఫ్రెంచి, రష్యన్, స్పానిష్ భాషల్లో సభ నడిచింది. పత్రాలన్నీ కలిపి తరువాత 16 సంపుటాలుగా అచ్చయ్యాయి.

సభా భవనం ఆవరణలో అమెరికా వారు ఒక చిన్న రియాక్టరును నిర్మించి చూపారు. లోతైన నీటి తొట్టిలో నీలి వెలుగును చిమ్మే ఆ యంత్రాన్ని చూడడానికి జనం బారులు తీరారు. పత్రికలు దానిని గురించే ఎక్కువగా రాశాయి. కాని శాస్త్రజ్ఞులను కదిలించినది వేరొకటి. యురేనియం కేంద్రకానికి న్యూట్రాన్ తగిలినప్పుడు విచ్ఛిత్తి జరిగే అవకాశం ఎంత, ఒక్కొక్క విచ్ఛిత్తిలో సగటున ఎన్ని న్యూట్రాన్లు వెలువడతాయి అన్నవి అంతవరకు రహస్యంగా ఉన్న సంఖ్యలు. రెండవ సంఖ్య యురేనియం-235కు సుమారు రెండున్నర. వివిధ దేశాలవారు కొలిచిన విలువలను జెనీవాలో పక్కపక్కన పెట్టి చూశారు. అవి ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉన్నాయి! ఒకరినొకరు ఎరుగని ప్రయోగశాలల్లో, ఒకరినొకరు నమ్మని ప్రభుత్వాల కింద పనిచేసినవారు ఒకే జవాబుకు చేరుకున్నారు. ప్రతి సంఖ్య పక్కనా ఎంత అటూ ఇటూ అన్నది రాసి ఉండబట్టే ఆ పోలిక సాధ్యమైంది.

అదే సభలో భాభా తన అధ్యక్షోపన్యాసంలో, సూర్యునిలో జరిగే కేంద్రక సంలీనాన్ని మరో ఇరవై ఏళ్లలో మనిషి అదుపులోకి తెస్తాడని ఊహించారు. ఆ ఊహ ఆయన చెప్పిన గడువులో నెరవేరలేదు. దానికి ఆయనను తప్పుపట్టినవారు తక్కువ. అధ్యక్షుడు భవిష్యత్తును ఊహించవచ్చు. సంగ్రహం రాసేవారికి ఆ వెసులుబాటు లేదు.

ఆ ఉపన్యాసం జరిగిన మూడేళ్లలోపే ఇది అందరికీ తెలిసివచ్చింది. ఇంగ్లండులోని హార్వెల్ పరిశోధనశాలలో జీటా అనే పెద్ద వలయాకార యంత్రంలో డ్యుటీరియం వాయువును విపరీతంగా వేడిచేశారు. న్యూట్రాన్లు వెలువడ్డాయి. సంలీనం జరిగితే న్యూట్రాన్లు రావాలి. కనుక సంలీనమే జరిగి ఉంటుందని అనుకున్నారు. 1958 జనవరిలో ఈ ఫలితాలను పత్రికలవారి ముందు ప్రకటించారు. పరిశోధకులు రాసిన పత్రంలో జాగ్రత్తగానే మాట్లాడారు. కాని విలేఖరులు పట్టుబట్టి అడిగినప్పుడు, ఆ సంస్థ అధిపతి జాన్ కాక్‌క్రాఫ్ట్ ఆ న్యూట్రాన్లు సంలీనం వల్ల వచ్చినవేనని నూటికి తొంభై పాళ్లు నమ్ముతున్నానన్నాడు. మరునాడు పత్రికలన్నీ మనిషి సూర్యుణ్ణి చేతబట్టాడన్నంతగా రాశాయి. మరింత నిశితంగా పరిశీలించగా ఆ న్యూట్రాన్లు వాయువు మొత్తం వేడెక్కడం వల్ల వచ్చినవి కావని, యంత్రంలో పుట్టిన అలజడి వల్ల కొన్ని కణాలు మాత్రమే వేగం పుంజుకొని వాటిని వెలువరించాయని తేలింది. ఆ ఏడాది మే నెలలో ఆ మాటను వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వెలువడిన న్యూట్రాన్లు నిజమే, లెక్క కూడా నిజమే. లెక్కకు మించి చెప్పిన ఒక్క మాటే నిలవలేదు.

చాడ్విక్ లేఖ దీనికి ఇరవై ఆరేళ్ల ముందునాటిది. 1932 ఆరంభంలో పారిస్‌లోని జోలియో-క్యూరీ దంపతులు ఒక వింత విషయాన్ని ప్రచురించారు. ఆల్ఫా కణాలతో కొట్టిన బెరీలియం నుంచి వచ్చే కిరణాలు పారఫిన్ మైనంలోనుంచి ప్రోటాన్లను వేగంగా బయటికి నెడుతున్నాయి. ఆ కిరణాలు గామా కిరణాలై ఉంటాయని వారు భావించారు. కేంబ్రిడ్జిలో ఉన్న చాడ్విక్‌కు ఆ వివరణ నచ్చలేదు. ప్రయోగాన్ని తిరిగి చేసి, మైనంతోపాటు ఇతర పదార్థాల మీద కూడా పరీక్షించాడు. గామా కిరణాలే అనుకుంటే శక్తి, ద్రవ్యవేగాల లెక్క కుదరదని, ప్రోటాన్‌తో సమానమైన ద్రవ్యరాశి ఉండి ఆవేశం లేని కణమనుకుంటే అన్నీ కుదురుతాయని గమనించాడు. ఫిబ్రవరి 17న 'నేచర్' పత్రికకు లేఖ రాశాడు. అచ్చులో అది ఒక పుటను మించలేదు.

ఆ లేఖకు ఆయన పెట్టిన శీర్షికను తెలుగులో చెప్పాలంటే 'న్యూట్రాన్ ఉండే అవకాశం' అని చెప్పాలి. ఉన్నది అనలేదు. చేతిలో ఉన్న ఆధారం అంతవరకే. తరువాత ఆయన మరిన్ని కొలతలు తీసుకొని, అదే సంవత్సరం రాయల్ సొసైటీ పత్రికలో పూర్తి వ్యాసం ప్రచురించాడు. ఈసారి శీర్షికలో అవకాశమన్న మాట లేదు. 'న్యూట్రాన్ ఉనికి' అని మాత్రమే ఉంది. 1935లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.