ప్రభుత్వ - ప్రైవేటు భాగస్వామ్యంలో మౌలిక సదుపాయాల ప్రాజెక్టులు: గుర్తింపు, ప్రాధాన్యక్రమం

రహదారులు, ఓడరేవులు, విమానాశ్రయాలు, పట్టణ రవాణా, తాగునీటి సరఫరా, మురుగునీటి శుద్ధి వంటి మౌలిక సదుపాయాలకు కావలసిన నిధులన్నింటినీ బడ్జెట్ నుంచే సమకూర్చడం ఏ రాష్ట్ర ప్రభుత్వానికైనా కష్టసాధ్యం. ఈ కారణంగానే ప్రభుత్వ - ప్రైవేటు భాగస్వామ్య (పి.పి.పి.) విధానం గత రెండున్నర దశాబ్దాలలో దేశమంతటా విస్తృతంగా ఆచరణలోకి వచ్చింది. అయితే ఈ విధానంలో కుదిరే ఒప్పందాలు చాలావరకు దీర్ఘకాలానికి ఉంటాయి. టెండరు ప్రకటన వెలువడిన తరువాత సరిదిద్దుకోగలిగినవి స్వల్పం. అందువల్ల ఏ ప్రాజెక్టు అవసరం, దేనిని ముందు చేపట్టాలి, దేనిని ప్రైవేటు భాగస్వామికి అప్పగించాలి అన్న మూడు ప్రశ్నలకు టెండరుకు ముందే విడివిడిగా సమాధానం లభించాలి.

చట్టపరమైన నేపథ్యం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ ప్రక్రియకు చట్టబద్ధమైన రూపం 2001లో లభించింది. ఆ సంవత్సరం అమలులోకి వచ్చిన ఆంధ్రప్రదేశ్ మౌలిక సదుపాయాల అభివృద్ధికి తోడ్పడే చట్టం (ఎ.పి.ఐ.డి.ఇ. చట్టం) ప్రాజెక్టుల పరిశీలనకు ఒక ప్రాధికార సంస్థను, భాగస్వామి ఎంపికకు నిర్దిష్ట పద్ధతులను, వివాదాల పరిష్కారానికి సామరస్య మండలిని నిర్దేశించింది. రాష్ట్ర విభజన నాటికి అమలులో ఉన్న ఈ చట్టం ఉభయ రాష్ట్రాలకు సంక్రమించింది. కేంద్ర ప్రభుత్వం తన పరిధిలోని ప్రాజెక్టుల పరిశీలనకు 2006లో పి.పి.పి. మదింపు కమిటీని ఏర్పాటు చేసింది.

మొదటి ప్రశ్న: అవసరం ఉన్నదా?

ప్రాజెక్టుల గుర్తింపు శాఖల అవసరాల నుంచి మొదలు కావాలి. పట్టణాల బృహత్ ప్రణాళికలు, రహదారులపై వాహనాల గణన, ఓడరేవులలో సరుకు రవాణా అంచనాలు, తాగునీటి కొరత వివరాలు ఇందుకు ఆధారాలు. వీటి నుంచి తయారైన తొలి జాబితాలో ఏది పి.పి.పి., ఏది కాదు అన్న విభజన ఉండకూడదు. ముందుగా ఆ సదుపాయం లేకపోవడం వల్ల ప్రజలకు కలుగుతున్న నష్టమెంత, దానిని తీర్చేందుకు ఇంతకంటే తక్కువ ఖర్చుతో మరొక మార్గం ఉన్నదా అన్నది తేలాలి. కొన్ని సందర్భాలలో కొత్త నిర్మాణం కంటే ఉన్న సదుపాయానికి మరమ్మతులు, విస్తరణ చేపట్టడమే మేలని కూడా ఈ దశలోనే తేలుతుంది.

రెండవ ప్రశ్న: ఏది ముందు?

ప్రాధాన్యక్రమం నిర్ణయించడంలో రెండు రకాల రాబడిని వేరుగా చూడవలసి ఉంటుంది. మొదటిది ప్రజా ప్రయోజనం. ఆదా అయ్యే ప్రయాణ సమయం, తగ్గే ప్రమాదాలు, మెరుగుపడే ఆరోగ్యం, పెరిగే ఉపాధి దీని కిందికి వస్తాయి. రెండవది వ్యాపార రాబడి. టోలు, ఛార్జీలు, అద్దెలు, ప్రకటనల ద్వారా నిర్వాహకుని చేతికి వచ్చే సొమ్ము ఇది. ఈ రెండూ అన్ని వేళలా కలిసి నడవవు.

ఒక నగర కూడలిలో బహుళ అంతస్తుల వాహనాల పార్కింగ్ సముదాయాన్ని, ఏజెన్సీ ప్రాంతంలో ఒక వాగుపై వంతెనను పోల్చి చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. పార్కింగ్ సముదాయానికి ప్రైవేటు పెట్టుబడి సులభంగా వస్తుంది. వర్షాకాలంలో ఆసుపత్రికి, బడికి, సంతకు దారి తెగిపోయే గ్రామాలకు వంతెన ప్రాణావసరమైనా, దానిపై టోలు వసూలు చేయడం సాధ్యం కాదు. ప్రైవేటు ఆసక్తినే కొలమానంగా తీసుకుంటే వంతెన జాబితా అడుగుకు చేరుతుంది. ప్రజా ప్రయోజనమే కొలమానమైతే వంతెన ముందు వరుసలో ఉంటుంది. నిధులు మాత్రం బడ్జెట్ నుంచి రావాలి.

పి.పి.పి. జాబితాలో లేనంత మాత్రాన ఒక ప్రాజెక్టుకు ప్రాధాన్యం లేదని అర్థం కాదు. రాబడి గల ప్రాజెక్టులకు ప్రైవేటు పెట్టుబడిని రప్పించి, తద్వారా మిగిలే ప్రభుత్వ నిధులను రాబడి లేని అవసరాలకు మళ్లించగలిగినప్పుడే ఈ విధానం లక్ష్యం నెరవేరుతుంది. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రకటించిన జాతీయ మౌలిక సదుపాయాల కార్యక్రమ తుది నివేదికలో సైతం 111 లక్షల కోట్ల రూపాయల మొత్తం పెట్టుబడిలో ప్రైవేటు రంగం వాటా 21 శాతంగా మాత్రమే అంచనా వేయబడింది. మిగిలిన భారం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలదే.

మూడవ ప్రశ్న: భాగస్వామ్యం తగునా?

అవసరమని, ముందు వరుసలోనిదని తేలిన ప్రాజెక్టును ప్రైవేటు భాగస్వామ్యంలో చేపట్టడం ప్రభుత్వమే నిర్మించడం కంటే మేలు చేస్తుందా అన్నది తరువాతి పరిశీలన. నిర్మాణ వ్యయం పెరిగితే, గడువు దాటితే, వినియోగదారులు తగ్గితే ఆ నష్టం ఎవరు భరించాలి అన్నది ఇందులో కీలకం. ఏ నష్టభయాన్ని ఎవరు మెరుగ్గా అదుపు చేయగలరో దానిని వారికే అప్పగించడం ఈ విధానంలోని మూలసూత్రం. భూసేకరణ, అనుమతులు ప్రభుత్వం చేతిలోనివి. నిర్మాణం, నిర్వహణ ప్రైవేటు సంస్థ చేతిలోనివి. ఈ విభజన తారుమారైతే బిడ్డర్లు ముందుకు రారు. లేదా ఆ భయానికి విలువ కట్టి బిడ్ మొత్తాన్ని పెంచుతారు. అందించవలసిన సేవను కొలవడం సాధ్యమేనా, ఛార్జీలు నిర్ణయించే అధికారం చట్టప్రకారం ఎవరిది అన్నవి కూడా ముందే తేలాలి.

పి.పి.పి. విధానంపై సమీక్ష జరిపి 2015లో నివేదిక సమర్పించిన విజయ్ కేల్కర్ కమిటీ, చాలా చిన్న ప్రాజెక్టులకు ఈ విధానం తగదని, ప్రభుత్వం తన బాధ్యతను తప్పించుకునే సాధనంగా దీనిని వాడరాదని సూచించింది.

హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు ఇందుకు చక్కని ఉదాహరణ. 158 కిలోమీటర్ల ఈ రహదారిలో కొంత భాగాన్ని ప్రైవేటు సంస్థలు నిర్మించి, ప్రభుత్వం నుంచి వాయిదాలలో సొమ్ము పొందే యాన్యుటీ పద్ధతిలో చేపట్టగా, మరికొంత భాగానికి జపాన్ సహకార సంస్థ (జైకా) రుణం వినియోగించారు. నిర్మాణం పూర్తయి రాబడి స్థిరపడిన తరువాత 2023లో టోలు వసూలు, నిర్వహణ బాధ్యతలను 7,380 కోట్ల రూపాయలకు 30 సంవత్సరాల లీజుపై ప్రైవేటు సంస్థకు అప్పగించారు. ఒకే రహదారిపై మూడు పద్ధతులు అమలైనాయంటే, పద్ధతి ఎంపికకు దశ, రాబడి, నష్టభయం ఆధారం కావాలని అర్థమవుతుంది.

లోటు భర్తీ, దాని పరిమితి

ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉండి, వ్యాపార రాబడి కొద్దిగా చాలని ప్రాజెక్టుల కోసం కేంద్ర ప్రభుత్వం వయబిలిటీ గ్యాప్ ఫండింగ్ (వి.జి.ఎఫ్.) పథకాన్ని అమలు చేస్తున్నది. దీని కింద ప్రాజెక్టు వ్యయంలో 20 శాతం వరకు కేంద్రం, మరో 20 శాతం వరకు ప్రాజెక్టు చేపట్టిన ప్రభుత్వం లేదా సంస్థ గ్రాంటుగా ఇవ్వవచ్చు. ఉదాహరణకు 100 కోట్ల రూపాయల వంతెనకు టోలు రాబడి 70 కోట్ల పెట్టుబడిని మాత్రమే భరించగలిగితే, లోటు 30 కోట్లు. ఇందులో 20 కోట్లు కేంద్రం నుంచి, 10 కోట్లు రాష్ట్రం నుంచి లభించే వీలుంటుంది. లోటు 50 కోట్లయితే ఈ పరిమితిలో ఇమడదు. అప్పుడు ప్రాజెక్టు స్వరూపాన్ని మార్చడమో, బడ్జెట్ నిధులతో నిర్మించడమో చేయాలి. సాధారణంగా తక్కువ గ్రాంటు కోరిన సంస్థకు పని దక్కుతుంది.

తాగునీరు, మురుగునీటి శుద్ధి, ఘనవ్యర్థాల నిర్వహణ, ఆరోగ్యం, విద్య వంటి సామాజిక రంగాలలో రాబడి మరింత తక్కువ కనుక 2020లో ఈ పథకాన్ని సవరించి, కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం వరకు ఇచ్చే వెసులుబాటు కల్పించారు. ఆరోగ్యం, విద్యలలో ప్రయోగాత్మకంగా చేపట్టే ప్రాజెక్టులకు మరింత అధిక సహాయం లభిస్తుంది.

యాన్యుటీ ప్రాజెక్టుల విషయంలో మరొక జాగ్రత్త అవసరం. ఏటా 12 కోట్ల రూపాయల చొప్పున 15 సంవత్సరాలు చెల్లించవలసిన ప్రాజెక్టులు పది చేపడితే, రాబోయే బడ్జెట్లలో ఏటా 120 కోట్లు ముందే ఖర్చయిపోయినట్లే. కాబట్టి ఒక్కొక్క ప్రాజెక్టును విడిగా కాక, మొత్తం భారాన్ని ఒకచోట చేర్చి చూడాలి.

శంషాబాద్ విమానాశ్రయం: ఒక నిబంధన, రెండు దశాబ్దాలు

శంషాబాద్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం ఈ విధానంలో చేపట్టిన తొలితరం ప్రాజెక్టులలో ప్రముఖమైనది. 2004 డిసెంబరులో ఒప్పందం కుదిరి, 2008 మార్చిలో రాకపోకలు ప్రారంభమైనాయి. రాష్ట్ర ప్రభుత్వానికి, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు చెరి 13 శాతం వాటా ఉండేలా సంస్థ రూపుదిద్దుకున్నది. రాష్ట్ర ప్రభుత్వం సుమారు 5,500 ఎకరాల భూమిని లీజుపై ఇవ్వడంతో పాటు 107 కోట్ల రూపాయల గ్రాంటు, 315 కోట్ల రూపాయల వడ్డీ లేని రుణం సమకూర్చింది. భూమి, ప్రభుత్వ తోడ్పాటు ముందే సిద్ధం కావడం ప్రాజెక్టు సకాలంలో పూర్తి కావడానికి దోహదం చేసింది.

అదే ఒప్పందంలో 150 కిలోమీటర్ల గగన దూరం లోపల 25 సంవత్సరాలపాటు మరొక విమానాశ్రయాన్ని అభివృద్ధి చేయరాదన్న నిబంధన ఉన్నది. పెట్టుబడిదారునికి భరోసా కల్పించేందుకు ఉద్దేశించిన ఈ నిబంధన, వరంగల్ సమీపంలోని మామునూరు విమానాశ్రయ పునరుద్ధరణకు ఏళ్ల తరబడి అడ్డుగా నిలిచింది. నిర్వాహక సంస్థ 2024లో అభ్యంతరం లేదని తెలిపిన తరువాతనే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదం లభించింది. ఒక ప్రాజెక్టు కోసం ఇచ్చే హామీ మరొక ప్రాంతం ప్రాధాన్యాన్ని ఎలా ప్రభావితం చేస్తుందో ఈ అనుభవం తెలుపుతున్నది.

హైదరాబాద్ మెట్రో: అంచనాల విలువ

హైదరాబాద్ మెట్రో రైలుకు 2008లో జరిగిన తొలి బిడ్డింగులో ఎంపికైన సంస్థల కూటమి, గ్రాంటు కోరకపోగా ఒప్పంద కాలంలో ప్రభుత్వానికే 30,311 కోట్ల రూపాయలు చెల్లించగలమని ప్రతిపాదించింది. నిర్ణీత గడువులో రుణ సమీకరణ పూర్తి కాకపోవడంతో 2009లో ఆ ఒప్పందం రద్దయింది. 2010లో జరిగిన మలి బిడ్డింగులో ఎల్ అండ్ టి సంస్థ 1,458 కోట్ల రూపాయల వి.జి.ఎఫ్. కోరి ఎంపికైంది. ఒకే ప్రాజెక్టుకు రెండేళ్ల వ్యవధిలో ఎదురు చెల్లింపు ప్రతిపాదన, గ్రాంటు కోరిక రెండూ వచ్చాయి. ప్రయాణికుల సంఖ్య, స్థలాల వాణిజ్య అభివృద్ధి ద్వారా వచ్చే రాబడిపై ప్రభుత్వం వద్ద స్వతంత్ర అంచనా ఉన్నప్పుడే ఏ బిడ్ ఆచరణసాధ్యమో నిగ్గు తేల్చగలమని దీని సారాంశం.

2017 నవంబరులో ప్రారంభమైన మెట్రో నగర ప్రయాణాన్ని మార్చింది. అయితే 2020లో కోవిడ్ కారణంగా నెలల తరబడి రైళ్లు నిలిచిపోవడం, రుణభారం వంటి కారణాలతో నిర్వాహక సంస్థకు నష్టాలు పెరిగాయి. 2025 సెప్టెంబరులో ప్రాజెక్టును తెలంగాణ ప్రభుత్వం స్వాధీనం చేసుకునేందుకు సూత్రప్రాయ అంగీకారం కుదిరింది. ప్రైవేటు భాగస్వామి తప్పుకున్నా రైళ్లు నడపవలసిన బాధ్యత చివరకు ప్రభుత్వానిదే. ఈ బాధ్యతను ప్రాధాన్యక్రమం నిర్ణయించే నాడే లెక్కలోకి తీసుకోవాలి.

సొంత ప్రతిపాదనల విషయంలో జాగ్రత్త

ప్రైవేటు సంస్థలే స్వయంగా ప్రాజెక్టులు ప్రతిపాదించే అవకాశాన్ని 2001 చట్టం స్విస్ ఛాలెంజ్ పద్ధతిలో కల్పించింది. ఒక సంస్థ ఇచ్చిన ప్రతిపాదనను బహిరంగపరచి, అంతకంటే మెరుగైన బిడ్లు ఆహ్వానించి, వాటికి దీటుగా సవరించుకునే అవకాశం మొదటి సంస్థకు ఇవ్వడం ఈ పద్ధతి. ఏ తరహా ప్రాజెక్టులకు దీనిని వర్తింపజేస్తారో, నియమాలేమిటో ప్రభుత్వం ముందే ప్రకటించాలని, ఆసక్తి గలవారందరికీ సమాన అవకాశం ఇవ్వాలని 2009లో సుప్రీంకోర్టు సూచించింది. సమాచారం ఒక పక్షం వద్దే పోగుపడుతుందన్న కారణంతో కేల్కర్ కమిటీ ఈ పద్ధతిని నిరుత్సాహపరచాలని పేర్కొన్నది. శాఖల అవసరాల జాబితాలో అప్పటికే చోటు పొందిన ప్రాజెక్టుకు వచ్చిన ప్రతిపాదనకు, జాబితాలో లేని ప్రాజెక్టుకు వచ్చిన ప్రతిపాదనకు తేడా ఉన్నది. రెండవ దాని అవసరాన్ని ముందుగా ప్రభుత్వమే నిర్ధారించుకోవాలి.

ముందస్తు సన్నద్ధత

జాబితాలో పేరు చేరినంత మాత్రాన ప్రాజెక్టు సిద్ధమైనట్లు కాదు. సాధ్యాసాధ్యాల నివేదిక, భూమి లభ్యత, పర్యావరణ అనుమతి, ముసాయిదా ఒప్పందం సిద్ధం కావాలి. 2013 భూసేకరణ చట్టం ప్రకారం పి.పి.పి. ప్రాజెక్టులకు ప్రభావిత కుటుంబాలలో 70 శాతం సమ్మతి అవసరం. తరువాత రాష్ట్రాలు తమ పరిధిలో సవరణలు చేసుకున్నందున, ఏ నిబంధన వర్తిస్తుందో ప్రాజెక్టు వారీగా సరిచూసుకోవాలి. నివేదికల తయారీ, సలహాదారుల ఖర్చులకు కేంద్రం 2007లో నెలకొల్పిన మౌలిక సదుపాయాల ప్రాజెక్టు అభివృద్ధి నిధి నుంచి తోడ్పాటు పొందేందుకు వీలు కల్పించారు. మూడేళ్ల పి.పి.పి. ప్రాజెక్టుల జాబితాలు రూపొందించుకోవాలని 2025-26 కేంద్ర బడ్జెట్ మంత్రిత్వ శాఖలను కోరింది. రాష్ట్రాలను కూడా ఇందుకు ప్రోత్సహించింది.

ఇటువంటి జాబితా వెలువడినప్పుడు పరిశీలించవలసిన ముఖ్యాంశాలు:

1. ప్రాజెక్టు ఏ ప్రణాళిక నుంచి, ఏ అవసరం నుంచి వచ్చింది?
2. వినియోగం, రాబడి అంచనాలు ఎవరు వేశారు? అవి తప్పితే భారం ఎవరిది?
3. భూమి ఎంత మేరకు ప్రభుత్వ స్వాధీనంలో ఉన్నది?
4. గ్రాంటు, యాన్యుటీ, హామీల రూపంలో రాబోయే బడ్జెట్లపై పడే మొత్తం భారమెంత?
5. ఒప్పందంలోని ప్రత్యేక హక్కులు ఇతర ప్రాంతాల ప్రాజెక్టులకు అడ్డు కాగలవా?
6. భాగస్వామి మధ్యలో తప్పుకుంటే సేవ కొనసాగే ఏర్పాటు ఏమిటి?
7. రాబడి లేని కారణంగా ఈ జాబితాలో చేరని అత్యవసర ప్రాజెక్టులకు నిధులు ఎక్కడి నుంచి వస్తాయి?

ఈ ప్రశ్నలకు టెండరుకు ముందే లిఖితపూర్వక సమాధానాలు ఉన్న ప్రాజెక్టు కొంత ఆలస్యంగా మొదలైనా గట్టి పునాదిపై నిలుస్తుంది. చివరి ప్రశ్నకు లభించే సమాధానాన్ని బట్టే వాగు అవతలి గ్రామానికి వంతెన ఎప్పుడు వస్తుందో తేలుతుంది.