పరుగుకు ముందు ఒక ప్రశ్న



ఈ పేజీలలో సాధారణంగా చదువుల గురించి, పోటీ పరీక్షల గురించి రాస్తుంటారు. ఈసారి పిల్లల గుండె గురించి రాయాలనిపించింది. నేను డాక్టరును కాను. బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాడిని. అయితే మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల ఈ విషయం గురించి డాక్టర్లను అడిగి, చదివి కొంత తెలుసుకున్నాను. అది పది మందికీ చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మా ఇంట్లో జరిగినది

మా పెద్దక్క మనవడు డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా పోలీసు ఉద్యోగం కోసం రోజూ తెల్లవారుజామున పరుగు ప్రాక్టీసు చేసేవాడు. ఒక రోజు మూడో రౌండులో పరుగెడుతూనే కుప్పకూలిపోయాడు. అర నిమిషంలో తనే లేచి కూర్చున్నాడు. ఎండ అన్నారు, ఖాళీ కడుపు అన్నారు. చూపించిన చోట కూడా నీరసం అని టానిక్కు రాసి పంపేశారు.

సాయంత్రం నేను చూడడానికి వెళ్తే మా అక్క మెల్లగా ఒక మాట అంది: "ఒరే తమ్ముడూ, మన బాబాయి కూడా ఇలాగే కదరా పోయాడు." నాకు ఒళ్ళు జలదరించింది. మా బాబాయి 26వ ఏట కబడ్డీ ఆడుతూ పడిపోయి మరి లేవలేదు. అప్పట్లో దిష్టి అన్నారు, గాలి సోకింది అన్నారు. ఆ తరువాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

మర్నాడు పిల్లవాడిని గుండె డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి ఈ రెండు సంగతులూ కలిపి చెప్పాము. ఆయన ఈసీజీ, ఎకో తీయించారు. గుండె కండరం ఉండవలసిన దానికంటే దళసరిగా ఉందని తేలింది. దీనిని హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. తల్లిదండ్రులలో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. అందుకని మా అందరినీ పరీక్ష చేయించుకోమన్నారు. పిల్లవాడి తండ్రికి కూడా ఉందని అప్పుడే తెలిసింది. ఆయనకు అంతవరకు ఏ బాధా లేదు.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. బ్యాంకులో బీమా పాలసీలు అమ్మడం మొదలైన తరువాత నేను కొన్ని వందల ఫారాలు నింపించి ఉంటాను. అందులో కుటుంబ ఆరోగ్య చరిత్ర అని ఒక కాలమ్ ఉండేది. "రక్త సంబంధీకులలో ఎవరికైనా గుండె జబ్బు ఉందా" అని. అడగకుండానే "లేదు" అని టిక్కు పెట్టించేవాడిని. నా సొంత ఫారంలోనూ "లేదు" అనే రాశాను. బాబాయి సంగతి గుర్తు కూడా రాలేదు.

గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు

పేపర్లలో రెండింటినీ గుండెపోటు అనే రాస్తారు గాని, తేడా ఉంది. గుండెపోటు అంటే గుండెకు రక్తం తెచ్చే గొట్టంలో అడ్డు పడడం. ఇది ఎక్కువగా పెద్ద వయసులో వస్తుంది. గుండె ఆగిపోవడం అంటే గుండెను కొట్టించే విద్యుత్తు ఒక్కసారిగా గాడి తప్పడం. అప్పుడు గుండె వణుకుతుందే గాని రక్తాన్ని తోయలేదు. మనిషి కొద్ది సెకన్లలోనే స్పృహ తప్పుతాడు.

కుర్రవాళ్ళలో దీనికి కారణాలు చాలా వరకు పుట్టుకతోనో, వంశపారంపర్యంగానో వచ్చేవి. దళసరి కండరం ఒకటి. గుండె విద్యుత్తులోనే లోపం ఉండే లాంగ్ క్యూటీ అనే జబ్బు ఇంకొకటి. గుండె రక్తనాళం పుట్టుకతోనే తప్పు చోట నుంచి మొదలవడం మరొకటి. వైరల్ జ్వరం తరువాత గుండె కండరం వాచినా, క్రికెట్ బంతి వంటిది ఛాతీకి సరిగ్గా గుండె మీద బలంగా తగిలినా ఇలా జరగవచ్చు. మన ప్రాంతాలలో చిన్నప్పటి గొంతునొప్పిని అశ్రద్ధ చేస్తే వచ్చే రుమాటిక్ జ్వరం గుండె కవాటాలను పాడుచేయడం కూడా ఉంది.

లాంగ్ క్యూటీలో ఒక రకం పుట్టు చెవుడుతో కలిసి వస్తుంది. మేనరికాలు, దగ్గర సంబంధాలు చేసుకునే కుటుంబాలలో దీనికి అవకాశం ఎక్కువ. పుట్టు చెవుడు ఉన్న పిల్లలు భయపడినప్పుడో, పరుగెత్తినప్పుడో స్పృహ తప్పితే ఒక్కసారి ఈసీజీ తీయించాలి. చాలా మందికి దీనిని మూర్ఛ అనుకుని ఏళ్ళ తరబడి మందులు వాడతారు.

2009లో హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు, ఇతర దేశాల వారు కలిసి ఒక పరిశోధన ప్రచురించారు. గుండె కండరానికి సంబంధించిన ఒక జన్యువులో చిన్న లోపం దక్షిణాసియా వారిలో సుమారు 4 శాతం మందికి ఉందని అందులో తేలింది. ఆ లోపం ఉన్న అందరికీ జబ్బు రాదు, వచ్చినా చాలా మందికి పెద్ద వయసులోనే. కాని గుండె జబ్బుకు వంశం ఎంత ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది.

భయపడి ఆటలు మానిపించవద్దు

ఇలాంటి మరణాలు అరుదు. వయసులో ఉన్నవారిలో ఏడాదికి లక్షకు ఒకరిద్దరు అని పాశ్చాత్య దేశాల లెక్కలు. మన బరంపురం వ్యాయామానికి పేరున్న ఊరు. మన ఊరి కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలలో 69 కిలోల వెయిట్‌లిఫ్టింగ్‌లో బంగారు పతకం తెచ్చారు. పిల్లలు ఆడాలి, పరుగెత్తాలి. లోపం ఉన్న ఆ ఒక్కరినీ ముందుగా గుర్తించడమే మన పని.

ముఖ్యంగా ఉద్యోగాల కోసం నెల రోజుల్లో శరీరాన్ని తయారు చేసుకోవాలనే కుర్రవాళ్ళు జాగ్రత్తపడాలి. 2024లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పరుగు పరీక్షలలో పది మందికి పైగా చనిపోయారు. 2025 ఫిబ్రవరిలో మన ఒడిశాలోనే ఫారెస్ట్ గార్డు తదితర ఉద్యోగాలకు పెట్టిన 25 కిలోమీటర్ల నడకలో ముగ్గురు అభ్యర్థులు చనిపోయారు. ఇలాంటి పరీక్షలలో ఎండదెబ్బ ఒక ప్రమాదం, లోపల దాగిన గుండె లోపం మరొక ప్రమాదం. దూరాన్ని వారం వారం కొద్దికొద్దిగా పెంచాలి. జ్వరం తగ్గిన వెంటనే మైదానానికి వెళ్ళకూడదు.

ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు

1. పరుగెడుతూ, ఆడుతూ ఉండగా ఎప్పుడైనా స్పృహ తప్పిందా? ఆట అయ్యాక నిలబడి ఉన్నప్పుడు కళ్ళు తిరగడం కంటే, పరుగు మధ్యలో పడిపోవడం చాలా ప్రమాదకరం.

2. శ్రమ చేస్తున్నప్పుడు ఛాతీలో నొప్పి, బిగుతు వచ్చిందా? తోటివారికంటే త్వరగా ఆయాసం వస్తోందా? గుండె దడదడలాడిందా?

3. అలారం మోగినప్పుడో, హఠాత్తుగా భయపడినప్పుడో స్పృహ తప్పిందా? మూర్ఛ అని మందులు వాడుతున్నారా?

4. గుండెలో చప్పుడు ఉందని ఏ డాక్టరైనా ఎప్పుడైనా అన్నారా?

5. రక్త సంబంధీకులలో ఎవరైనా 50 ఏళ్ళ లోపు హఠాత్తుగా పోయారా? ఈత వచ్చినవారు నీళ్ళలో మునిగిపోవడం, రాత్రి పడుకుని తెల్లవారి లేవకపోవడం కూడా ఇందులోకే వస్తాయి.

ఒక్కదానికి "అవును" అని వచ్చినా, డాక్టరు చూసి సరే అనే దాకా పరుగు ఆపాలి. ఈసీజీకి అయిదు నిమిషాలు చాలు. మన ఊళ్ళో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉండనే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు పిల్లలను పరీక్షించే బృందాలు ప్రభుత్వ పాఠశాలలకు వస్తాయి. పుట్టు గుండె జబ్బులు, రుమాటిక్ గుండె జబ్బు వారు చూసే జాబితాలో ఉన్నాయి. ఆ రోజు పిల్లలను బడి మాన్పించకండి.

ఇటలీలో 1982 నుంచి పోటీ క్రీడాకారులకు ఈసీజీతో కూడిన పరీక్ష తప్పనిసరి. అక్కడి వెనెటో ప్రాంతంలో క్రీడాకారుల హఠాన్మరణాలు 1979లో లక్షకు 3.6 ఉండగా 2004 నాటికి 0.4కు తగ్గాయి. ఇతర దేశాలలో ఇంత ఫలితం అందరికీ కనబడలేదు. ఈసీజీ కూడా అన్ని లోపాలనూ పట్టుకోలేదు. అందుకే ప్రశ్నలూ కావాలి, పరీక్షా కావాలి, పడిపోతే ఆదుకునే చేతులూ కావాలి.

ఎదురుగా ఎవరైనా పడిపోతే

పిలిచినా పలకక, ఊపిరి సరిగా లేకపోతే గుండె ఆగిందనే అనుకోవాలి. కాళ్ళు చేతులు కొట్టుకోవచ్చు, గురక లాగా ఎగశ్వాస ఉండవచ్చు. చేతిలో తాళాలు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్ళు పోయడం వద్దు. ఒకరు 108కి ఫోన్ చేయాలి. మరొకరు వెంటనే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. ఏమీ చేయకుండా గడిచే ఒక్కొక్క నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గిపోతుంది. కరెంటు షాకు ఇచ్చే ఏఈడీ అనే యంత్రం దగ్గరలో ఉంటే తెప్పించాలి. ఏం చేయాలో అదే గొంతుతో చెబుతుంది.

2003 జూన్ 26న ఫ్రాన్సులో కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు ఫోయే 28 ఏళ్ళ వయసులో మైదానంలో పడిపోయి చనిపోయాడు. తరువాత పరీక్షలో మా పిల్లవాడికి ఉన్న జబ్బే తేలింది. 2021 జూన్ 12న కోపెన్‌హేగెన్‌లో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ అలాగే పడిపోయాడు. వెంటనే ఛాతీ నొక్కి, షాకు ఇచ్చారు. బతికాడు. ఛాతీలో ఐసీడీ అనే చిన్న యంత్రం అమర్చుకుని 2022లో మళ్ళీ ఆడాడు.

చివరిగా ఒక మనవి

మనవాళ్ళు ఈ సంగతులు ఎందుకు దాస్తారో నాకు తెలుసు. ఉద్యోగం పోతుందని, ఆడపిల్ల సంబంధం చెడిపోతుందని. మా మనవడికి పోలీసు యూనిఫాం కల నిజంగానే పోయింది. "తాతయ్యా, నువ్వు చెప్పకపోతే బాగుండేది" అని చాలా రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మందులు వాడుతూ ఒక ఆఫీసులో అకౌంట్సు చూస్తున్నాడు. డాక్టరు చెప్పినంత మేర సాయంత్రం నడుస్తాడు. ఒక్కొక్కసారి నన్నూ తోడు రమ్మంటాడు.

కాబట్టి ఈ ఏడాది స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపే రోజునే, పైన చెప్పిన అయిదు ప్రశ్నలనూ ఇంట్లో అమ్మమ్మను, నాయనమ్మను, తాతయ్యను కూర్చోబెట్టి అడగండి. వాళ్ళకు తెలిసినది ఏ ఈసీజీకీ తెలియదు. అడగకుండా మాత్రం "లేదు" అని రాయకండి.

విద్యార్థులందరికీ ఆయురారోగ్యాలు, విజయాలు కలగాలని కోరుకుంటున్నాను.