కడుపు మాడిస్తే కాలేయం కోలుకోదు: అపోహలు – వాస్తవాలు

ఆర్మూర్ దాటి 63వ నంబరు జాతీయ రహదారి మీద మెట్‌పల్లి వైపు పోతే మోర్తాడ్ వస్తుంది. చుట్టూ పసుపు చేలు. నిజామాబాద్ జిల్లాకు ఈ కొసన పసుపైతే ఆ కొసన, బోధన్‌లో, చెరకు. అక్కడి నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినా చెరకు రసం మీద జనానికి ఉన్న గురి చెక్కుచెదరలేదు. ఇంట్లో ఎవరి కళ్లయినా పచ్చబడితే చాలు, ఇరుగుపొరుగు చెప్పే వైద్యం సిద్ధంగా ఉంటుంది: చెరకు రసం తాగించు, పసరు పోయించు, పత్యం పెట్టు. నూనె బంద్, పప్పు బంద్, గుడ్డు బంద్.

మామూలు వైరస్ కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. ఆ పేరు పత్యానికి దక్కుతుంది. సిర్రోసిస్ సంగతి అలా కాదు. కాలేయం గట్టిపడి, పొట్టలో నీరు చేరి, కాళ్లు వాచి, అన్నం చూస్తేనే వికారం పుట్టే దశలో అదే పత్యం మనిషిని జబ్బు కన్నా ముందే పడగొడుతుంది.

అపోహ: వాంతికి వచ్చినట్టుంటే కడుపు ఖాళీగా ఉంచాలి.

వాస్తవం: ఆరోగ్యంగా ఉన్న కాలేయం రాత్రంతా శరీరానికి సరిపడా చక్కెర నిల్వ చేసుకుంటుంది. సిర్రోసిస్‌లో ఆ నిల్వ బాగా తగ్గిపోతుంది. ఒక్క రాత్రి పస్తుంటే, ఆరోగ్యవంతుడు రెండు మూడు రోజులు ఉపవాసం చేసినట్టే లెక్క. ఆ లోటు తీర్చడానికి శరీరం సొంత కండను కరిగించుకుంటుంది. మూడు పూటల భోజనాన్ని ఆరు చిన్న భాగాలుగా పంచుకోవాలి. పడుకునే ముందు పాలల్లో అటుకులో, రొట్టె ముక్కతో గుడ్డో తప్పకుండా తినాలి. పోపు వాసన పడనివారికి చల్లారిన తిండి సులువుగా దిగుతుంది.

వికారానికి కారణం ఒక్కటే కాదు. పొట్టలోని నీరు జీర్ణాశయాన్ని నొక్కడం, మలబద్ధకం, రక్తంలో సోడియం పడిపోవడం, లోపల ఇన్ఫెక్షన్, వాడుతున్న మందులు... ఏదైనా కావచ్చు. అందుకే వాంతి మాత్రను సొంతంగా కొని మింగితే అసలు కారణం దాగిపోతుంది. ఎక్కువగా వాడే ఆన్‌డాన్‌సెట్రాన్‌ను కాలేయం బాగా దెబ్బతిన్నవారికి రోజుకు 8 మిల్లీగ్రాములు మించి ఇవ్వకూడదు. పైగా అది మలబద్ధకం తెస్తుంది. గ్యాస్ తగ్గాలని నీళ్లలో కలుపుకునే సోడా పొడిలో సోడియం దండిగా ఉంటుంది. పొట్టలో నీరున్నవారికి అది ఉప్పు తిన్నట్టే.

అపోహ: పప్పు, గుడ్డు, మాంసం లివర్‌కు బరువు.

వాస్తవం: ఒకప్పుడు డాక్టర్లే ఈ మాట చెప్పేవారు. ఇప్పుడు చెప్పడం లేదు. కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలని నేటి వైద్య మార్గదర్శకాలు అంటున్నాయి. 60 కిలోల మనిషికి అది 72 నుంచి 90 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది దాదాపు 6 గ్రాములే. పప్పు, పెరుగు, పల్లీలు, శనగలు, చేపలు అన్నీ కలిస్తేనే ఆ లెక్క తేలుతుంది.

అపోహ: పొట్ట ఉబ్బితే నీళ్లు తాగడం మానెయ్యాలి.

వాస్తవం: మానాల్సింది ఉప్పు. రోజు మొత్తానికి ఒక చెంచా, అంటే 5 గ్రాములు మించకూడదు. తొక్కులు, అప్పడాలు, మిక్చర్ పక్కన పెడితే సగం పని అయినట్టే. రక్తంలో సోడియం బాగా తగ్గినప్పుడే డాక్టర్లు నీళ్లకు కొలత పెడతారు. ఉప్పుకు బదులుగా అమ్మే ‘తక్కువ సోడియం’ ఉప్పులో పొటాషియం ఉంటుంది. నీరు తగ్గడానికి స్పైరనోలాక్టోన్ వాడేవారికి అది గుండె లయను తప్పించేంత ప్రమాదం.

అపోహ: ఒకసారి సూదితో పొట్టలోని నీళ్లు తీయిస్తే మనిషి దక్కడు.

వాస్తవం: నీళ్లు తీయించే పరిస్థితి వచ్చిందంటే జబ్బు ముదిరిందని అర్థం. ఆ జబ్బు చేసే చేటును జనం సూది మీద వేస్తారు. నిజానికి నీరు తీశాక ఆయాసం, వికారం తగ్గి మనిషి నాలుగు ముద్దలు తినగలుగుతాడు. ఒకేసారి 5 లీటర్లు దాటితే లీటరుకు 6 నుంచి 8 గ్రాముల చొప్పున అల్బుమిన్ ఎక్కించాలి. ఆ జాగ్రత్త ఆసుపత్రిలోనే కుదురుతుంది.

అపోహ: రాత్రి మేలుకుని, పగలు తూగుతూ, పొంతన లేకుండా మాట్లాడితే గాలి సోకినట్టు.

వాస్తవం: కాలేయం వడకట్టాల్సిన అమ్మోనియా వంటివి మెదడుకు చేరితే ఇలాగే ఉంటుంది. చేతులు ముందుకు చాపితే అరచేతులు టపటపా కొట్టుకుంటాయి. దీనికి ఇచ్చే లాక్టులోజ్ సిరప్‌ను ‘విరేచనాలై నీరసం వస్తున్నది’ అని ఇళ్లలో ఆపేస్తుంటారు. రోజుకు రెండు మూడు సార్లు మెత్తగా విరేచనం కావడమే ఆ మందు పని. అంతకు మించి నీళ్లలా పోతే మోతాదు తగ్గించమని డాక్టర్‌ను అడగాలి, సీసా అటకెక్కించకూడదు.

అపోహ: కల్లు చెట్టు నుంచి వచ్చేది, చలవ చేస్తుంది, లివర్‌కు మంచిది.

వాస్తవం: కల్లులో ఉన్నదీ ఆల్కహాలే. దానికి తోడు కల్తీ. 2025 ఏప్రిల్‌లో పొరుగున కామారెడ్డి జిల్లా బీర్కూర్, నసురుల్లాబాద్ మండలాల్లో కల్తీ కల్లు తాగి పదుల మంది ఆసుపత్రి పాలయ్యారు. తెలంగాణలో పట్టుబడే కల్తీ సరుకులో ఆల్ప్రజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ తరచూ కనిపిస్తాయి. ఇవన్నీ మత్తుమందులు. సిర్రోసిస్ రోగిని స్పృహ తప్పే స్థితికి నెట్టడానికి ఇలాంటిది కొద్దిగా చాలు. అలాగని ఏళ్లుగా తాగేవారు ఒక్కసారిగా ఇంట్లోనే మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టర్ కనుసన్నల్లోనే మానాలి.

అపోహ: పసుపు, నేల ఉసిరి, తిప్పతీగ, చెరకు రసం... ఇవి ఏ చెడూ చేయవు.

వాస్తవం: కూరలో వేసే చిటికెడు పసుపుతో పేచీ లేదు. గాఢంగా తయారుచేసిన పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న పది మంది వివరాలను అమెరికా వైద్యులు 2022లో వెల్లడించారు. వారిలో ఒకరు చనిపోయారు. కొవిడ్ కాలంలో తిప్పతీగ వాడి కాలేయం పాడైన 43 మందిపై దేశవ్యాప్త అధ్యయనాన్ని హైదరాబాద్ ఏఐజీ వైద్యులు ముందుండి నడిపారు. నేల ఉసిరి హెపటైటిస్ బీని పోగొడుతుందని 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్‌లో రాశారు. తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

చెరకు రసం మందు కాదు, చక్కెర నీళ్లు. సిర్రోసిస్ ఉన్నవారిలో షుగర్ జబ్బు ఎక్కువ. బండి దగ్గరి నీళ్లు, ఐసు శుభ్రంగా లేకపోతే హెపటైటిస్ ఏ, ఈ వైరస్‌లు అదనం.

అపోహ: పారాసిటమాల్ విషం, నొప్పికి డైక్లో సూదే మేలు.

వాస్తవం: సరిగ్గా తిరగేసి చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కిడ్నీలను దెబ్బతీస్తాయి, రక్తస్రావం తెస్తాయి. పారాసిటమాల్‌ను డాక్టర్ సలహాతో రోజుకు 2 గ్రాములు దాటకుండా వాడవచ్చు.

అపోహ: పాలియేటివ్ కేర్ అంటే డాక్టర్లు చేతులెత్తేసినట్టు.

వాస్తవం: వికారం, దురద, నొప్పి, నిద్రలేమిని తగ్గించే వైద్యం అది. అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్‌లో పేరు రాయించుకుని కాలేయ మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవారు కూడా తీసుకోవచ్చు.

రక్తపు వాంతి, తారులాంటి నల్లటి విరేచనం, జ్వరంతో పొట్టనొప్పి, మూత్రం తగ్గిపోవడం, పగటి మగత... వీటిలో ఏది కనిపించినా ఆర్ఎంపీ సూదితో తెల్లవార్లూ చూడకుండా 108కు ఫోన్ చేసి నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి చేర్చాలి. మందుల చీటీలతో పాటు తాగించిన పసరు సీసాలు, పొడుల పొట్లాలు కూడా వెంట తీసుకుపోతే అక్కడి డాక్టర్ పని సులువవుతుంది.