నకుడ్‌బాబు చూపిన బంగారు నగరం

హౌరాలో మెయిన్ లైను లోకల్ బండి ఎక్కితే మొదట వచ్చే స్టేషను లిలువా. రైలు పెట్టెలు బాగుచేసే వర్క్‌షాపు 1900 నుంచీ ఉన్న ఊరు. అక్కడికి పడమరగా, అదే హౌరా జిల్లాలో, మాకర్దహ అనే మరో ఊరుంది. బెంగాలీ సైన్స్ కథలు చదివేవారికి ఆ పేరు వినగానే నకుడ్‌బాబు గుర్తొస్తాడు. నిజం మనిషి కాదు లెండి, సత్యజిత్ రాయ్ కల్పించిన పాత్ర.

రాయ్ 1961లో 'సందేశ్' అనే పిల్లల పత్రికలో ప్రొఫెసర్ శంకు కథలు మొదలుపెట్టారు. శంకు గిరిడీలో ఉండే శాస్త్రజ్ఞుడు. ఆయనకొక పిల్లి, దాని పేరు న్యూటన్. ఆయన డైరీ పుటలే మనం చదివే కథలు. వాటిలో నకుడ్‌బాబు వచ్చే కథను రాయ్ కుమారుడు సందీప్ రాయ్ 'ప్రొఫెసర్ శంకు ఓ ఎల్ డొరాడో' పేరుతో సినిమాగా తీశారు. 2019 డిసెంబరు 20న విడుదలైంది. బ్రెజిల్ దాకా వెళ్లి తీశారు. శంకుగా ధృతిమాన్ చటర్జీ చక్కగా అమరారు. అయినా కథ చదివి వెళితే మీకు నిరాశే మిగులుతుంది. ఎందుకని?

ముందు కథలోని కీలకం చూద్దాం. నకుడ్‌బాబు మామూలు మనిషి. బంతి మెరుపు తాకిన తరువాతే అతనికి వింత శక్తులు వచ్చాయి. బంతి మెరుపు మాత్రం కల్పన కాదు. ఉరుముల వానలో ఒక్కొక్కసారి బంతిలాంటి వెలుగు గాలిలో తేలుతూ కొద్ది క్షణాలుండి మాయమవుతుంది. పిడుగు నేలను తాకినప్పుడు మట్టిలోని సిలికాన్ ఆవిరై, సన్నని పోగుల ఉండగా పేరుకుని, గాలిలోని ఆక్సిజన్‌తో మెల్లగా మండుతుందని న్యూజిలాండ్ శాస్త్రజ్ఞులు 2000లో ప్రతిపాదించారు. 2012లో చైనాలోని చింగ్‌హాయ్ పీఠభూమిలో పరిశోధకులు మామూలు మెరుపుల్ని చిత్రిస్తుండగా అనుకోకుండా ఒక బంతి మెరుపు కెమెరాకు చిక్కింది. దాని వర్ణపటంలో సిలికాన్, ఇనుము, కాల్షియం గీతలు కనిపించాయి. మూడూ మట్టిలో ఉండేవే! అయితే సిద్ధాంతం ఇదొక్కటే కాదు, చర్చ ఇంకా తెగలేదు.

ఇలాంటి ఒక నిజాన్ని పునాదిగా వేసి రాయ్ దానిమీద అసాధ్యాన్ని కడతారు. నకుడ్‌బాబు తన మనసులోని దృశ్యాన్ని ఎదుటివారి కళ్లకు కట్టించగలడు. దురాశాపరుడైన అమెరికా కోటీశ్వరుణ్ణి బంగారు నగరం వెంట పరుగెత్తిస్తాడు. మీరు 'బంగారు నగరం' అని చదవగానే ఏమవుతుంది? మీ బుర్రలో నగరం లేస్తుంది. మీరు చూసిన గోపురాలు, పండగనాటి దీపాలు, అమ్మ నగల పెట్టె అన్నీ అందులో కలుస్తాయి. అంటే నకుడ్‌బాబు కోటీశ్వరుడికి చేసిన పనినే రాయ్ మీకూ చేశారన్న మాట. తెరమీద ఆ అవకాశం లేదు. ఒక్కరి తలలోని భ్రమను హాలులో అందరికీ ఒకేలా చూపాలి. అప్పుడది భ్రమలా ఉండదు, కంప్యూటర్ బొమ్మలా ఉంటుంది. బాగుందా లేదా అని మనం లెక్కలు కడతాం. ఇంకా ఎక్కువ డబ్బు పోసినా ఈ చిక్కు తీరేదని నేననుకోను.

శంకు కనిపెట్టిన వస్తువులదీ ఇదే తంతు. అనైహిలిన్ పిస్తోలు మీట నొక్కితే ఎదుటివాడు నెత్తుటి చుక్కైనా మిగలకుండా మాయం. డైరీలో ఒక వాక్యం, అంతే. శంకు మాట నమ్మి పుట తిప్పేస్తాం. అదే కళ్లారా చూస్తే, ఆ మనిషిలోని పదార్థం ఎక్కడికి పోయిందన్న ప్రశ్న పుడుతుంది. ఐన్‌స్టైన్ సమీకరణం ప్రకారం 60 కిలోల మనిషి పూర్తిగా శక్తిగా మారితే అది సుమారు 1,290 మెగాటన్నుల పేలుడు! సోవియట్ యూనియన్ 1961లో పేల్చిన అతిపెద్ద హైడ్రోజన్ బాంబుకు పాతిక రెట్లు. పిస్తోలు పట్టుకున్న శంకు, పక్కనున్న న్యూటన్, గిరిడీ ఊరు, ఏదీ మిగలదు. కథ చదివిన ఏ పిల్లవాడూ ఈ లెక్క వేసి ఉండడు.