పరులకు శ్రీరంగనీతులు

ప్రజాప్రతినిధుల శీలమును సంస్కరింపవలెనని ఘోషించువారు ఆ సంస్కారమును తమ యింటనే ప్రారంభింపవలెననుట లోకమెరిగిన ధర్మము. ఈ ధర్మమును విస్మరించుటవలన గలుగు ఫలమునకు అమెరికా ప్రతినిధిసభ చరిత్రమున తగిన తార్కాణమొకటి కలదు.

1988వ సంవత్సరమున రిపబ్లికను పక్షమువారైన న్యూట్ గింగ్రిచ్ గారు, డెమొక్రాటు పక్షీయులును నాటి సభాధ్యక్షులునగు జిమ్ రైట్ గారిపై నీతిసంఘమునకు ఫిర్యాదు దాఖలు చేసిరి. రైట్ గారి గ్రంథమును పలువురు టోకుగా కొనుచుండిరనియు, సభ్యుల యితరాదాయముపై గల పరిమితిని దాటుటకు ఇది యుపాయమయ్యెననియు ఆరోపణము. విచారణ సాగెను. 1989లో రైట్ గారు అధ్యక్షపదవిని, సభ్యత్వమును విడనాడిరి. గింగ్రిచ్ గారి ప్రతిష్ఠ పెరిగెను. 1995లో ఆ పీఠమునే వారధిష్ఠించిరి.

పీఠమెక్కకమునుపే ఒక ప్రచురణసంస్థ వారి గ్రంథములకు 45 లక్షల డాలర్లు ముందుగా నీయజూపెను. గగ్గోలు లేచుటతో ఆ మొత్తమును వదలుకొనిరి. గ్రంథవిక్రయమును తప్పుపట్టినవారికే ఈ చిక్కు వచ్చుట గమనింపదగినది. అంతకంటె గురుతరమైనది మఱియొకటి. పన్ను మినహాయింపు గల సంస్థల ధనముతో వారు కళాశాలయందు పాఠములు చెప్పిరి; వాని వెనుక పక్షప్రయోజనము కలదని ఫిర్యాదు వచ్చెను. నీతిసంఘమునకు తమ పేర సరికాని సమాచారము సమర్పింపబడెనని తుదకు వారే యొప్పుకొనిరి. 1997 జనవరి 21న సభ 395–28 ఓట్లతో వారిని మందలించి 3 లక్షల డాలర్లు చెల్లింపుమనెను. సభాధ్యక్షునికి ఇట్టి శిక్ష పడుట అదియే ప్రథమము.

న్యాయము పలుకవలసిన, పాఠములకు ధనమిచ్చిన సంస్థ చట్టము నుల్లంఘింపలేదని 1999లో పన్నుశాఖవారు తేల్చిరి. కాని సరికాని సమాచారపు మచ్చ దానివలన మాయలేదు. అట్లని రైట్ గారిపై విచారణ తగదనరాదు. అభియోక్త దోషి యైనంత మాత్రమున అభియోగము అసత్యము కాజాలదు. అయితే నీతిసంఘము ప్రతిపక్షిని గూల్చు ఆయుధమే యైనచో ప్రజలకు నీతియందే విశ్వాసము సడలును. అసలు ముప్పు ఇదియే.

మన పార్లమెంటున వేరొక మార్గము కానవచ్చినది. 1951లో బొంబాయి బులియను వర్తకసంఘము నుండి లాభము పొందిన ముద్గల్ గారు కాంగ్రెసువారే. వారిపై తీర్మానము ప్రతిపాదించినవారు కాంగ్రెసు నాయకులగు నెహ్రూ గారే. పరునికి వాడిన త్రాసునే తనవానికిని వాడుట యనగా నిదియే. కావున ఓటుకోరి వచ్చువానిని, నీతిని గూర్చి ఎంత పలికితివని గాక, నీ పక్షమువానిపై ఎప్పుడు పలికితివని మన మడుగవలెను.